పొన్నారి దాటిన వంతెన

అనగనగనగా ఒక చిన్న రాజ్యం. దాని నడుమ ఇరుకైన, లోతైన వాగు. ఆ రాజ్యాన్నేలే విజయకేతుడికి పొన్నారి అనే ఏనుగంటే పంచప్రాణాలు.

ఒకనాడు పాలు మరవని పొన్నారి పిల్ల ఆడుకుంటూ, నీళ్లు తగ్గి ఉన్న వాగు దాటింది. అంతలో వాన కురిసి వాగు పొంగింది. అటు ఆకలితో పిల్ల, ఇటు కన్నీళ్లతో తల్లి.

"వెంటనే వంతెన కట్టండి!" అన్నాడు రాజు.

ఆయనకో అలవాటుంది. ఏ వస్తువునైనా కత్తిమొనతో గీకి చూస్తాడు. గీత పడకపోతే అదే మేలురకం. కాదనేదెవరు? కత్తి ఆయన చేతిలో ఉంది మరి!

అలా గీకి నల్లరాతి పలకను ఎంచాడు. వంతెన కట్టే వడ్రంగి నాంచారమ్మ దాన్ని ముందు ఒడ్డునే రెండు దిమ్మెల మీద పెట్టించి, నడుమ ఇసుక మూటలు పేర్పించింది. ఏనుగు బరువులో సగమైనా కాకముందే పలక ఫెళ్లున విరిగింది.

"బంగారంలాంటి రాయిని పాడుచేశావు కదమ్మా!" అని రాజు నొచ్చుకున్నాడు.

ఈసారి పోత ఇనుప దూలం ఎంచాడు. అది ఏనుగు బరువంత మూటలన్నీ మోసింది. నాంచారమ్మ ఇంకో మూటను పైనుంచి దబ్బున పడేయించింది. దూలం రెండు ముక్కలైంది.

"ఏనుగు వేసే అడుగడుక్కీ వంతెన ఇలాగే అదురుతుంది, ప్రభూ," అందామె.

మూడోసారి టేకు దూలం తానే తెచ్చింది. కత్తి తగలగానే గీత పడింది. రాజు ముఖం చిట్లించాడు. మూటలు పెట్టినా, పైనుంచి పడేసినా దూలం వంగింది, తీస్తే లేచింది. ఏనుగు బరువు దాటినా ఇంకా ఇంకా పెట్టించి, చాలాసేపు కిర్రుకిర్రుమన్నాక దాన్నీ విరిచేసింది!

రాజుకు ఒళ్లు మండింది. "నిన్ను కట్టమన్నానా, విరవమన్నానా?"

"ఒక్క దూలం పొన్నారిని మోస్తుందని తేలింది ప్రభూ. నేను నాలుగు వేస్తాను. ఇక్కడ విరిగితే పోయేది కర్ర. వాగు మీద విరిగితే పోయేది మన పొన్నారి."

రాజు కత్తిని ఒరలో పెట్టేశాడు.

వంతెన సిద్ధమైంది. పొన్నారి కాలు మోపగానే దూలాలు కాస్త వంగాయి. అది ఆగిపోయింది.

"వంగుతోందమ్మా!" అంది బెదురుగా.

"వంగనీ తల్లీ. ఎంతవరకు వంగొచ్చో నాకు తెలుసు. పద, నేనూ వస్తున్నా," అని నాంచారమ్మ దాని తొండం పట్టుకుని నడిచింది.

అవతల పిల్ల తల్లి కాళ్ల మధ్య దూరి పాలు తాగింది. రాజు అందరి ముందూ ఏడ్చేశాడు.

పిల్లలూ, గట్టిగా కనిపించేదల్లా బరువు మోయదు. ఏది ఎంత వంగుతుందో, ఎప్పుడు విరుగుతుందో ముందే తెలుసుకున్నవాళ్లే పదిమంది నడిచే దారి కట్టాలి.