తాత చేతి వెదురు పలక

ఏమే చిట్టీ, అందరూ తుంచుతున్నారని నువ్వూ జామపిందెలు తుంచావా? సిగ్గు లేదూ? ఎవరి మనవరాలివే నువ్వు? సరే, ఏడవకు. పడుకుని విను.

అనగనగా ఒక ఉప్పుటేటి ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. ఆ ఊళ్ళో మసేనమ్మ అని ఒక ముసలామె తట్ట నెత్తిన పెట్టుకుని చేపలు అమ్మేది. ఒకప్పుడు ఆ తట్టలో చేపలు అరచెయ్యంత ఉండేవి. రానురాను చిటికెనవేలంత అయ్యాయి. ఎందుకంటే, పెంటయ్య అనేవాడు దోమతెరంత సన్న కన్నుల వల కొనుక్కొచ్చి వేశాడు. వాణ్ణి చూసి అందరూ అవే వేశారు. పిల్లచేప కూడా ఏట్లో మిగలడం లేదు. రేపు తన మనవరాలు తట్టలో ఏం పెట్టుకుంటుందని మసేనమ్మకి బెంగ పట్టుకుంది.

అప్పుడు ఇంటింటికీ వెళ్ళి భయం చెప్పింది. "ఏరు గొడ్డుపోతుందిరా నాయనా!"

"నీ పళ్ళు ఊడితే ఏరు బోసిపోతుందా అత్తా?" అని నవ్వారు.

ఆ తర్వాత లాభం చెప్పింది. "రెండు నెలలు ఆగండి, చేప మూడింతలవుతుంది."

"ఆ రెండు నెలలూ మా కుండలో ఎసరు నువ్వు పోస్తావా?" అని పెంటయ్య వెక్కిరించాడు.

మసేనమ్మ ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూలబడింది. తలెత్తితే చూరులో వెదురు పలక కనిపించింది. ఆ ఊళ్ళో ఇంటికొక పలక ఉండేది, రెండువేళ్ళ వెడల్పున. తాతలు దారాన్ని దాని చుట్టూ తిప్పి, వల కన్ను అంతే ఉండేలా అల్లేవారు. పిల్లచేప జారిపోవాలనే ఆ కొలత. కొన్న వలలు వచ్చాక పలకలు చూరెక్కి, పొగకి నల్లబడ్డాయి.

అప్పుడు ఆమె మూడోసారి బయల్దేరింది. భయం చెప్పలేదు, లాభం చెప్పలేదు. "రేపు గంగమ్మ పూజకి ఎవరి తాత పలక వాళ్ళు తెండి. మీ వల కన్నులో దూర్చి చూపించండి. అంతే" అంది.

మర్నాడు ఏటి ఒడ్డున ఒక్క పలకా దూరలేదు. అందరిలోకీ మొండివాడు, గురువులు అనేవాడు, తన పలకని కళ్ళకద్దుకున్నాడు. "ఈ వల చూస్తే మా తాత నన్ను పడవ ఎక్కనిస్తాడా?" అని వల తీసి పక్కన పడేశాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు పడేశారు.

పెంటయ్య పలక మాత్రం సర్రున దూరింది! "చూశారా?" అని మీసం దువ్వాడు.

మసేనమ్మ ఆ పలక అందుకుంది. మధ్యలో పొగ నలుపు, అంచులు మాత్రం తెల్లగా ఉన్నాయి. పొద్దున్నే కత్తితో సన్నగా చెక్కి తెచ్చాడన్నమాట.

"పెంటయ్యా, వల కోసం మీ తాతనే చెక్కేశావురా" అంది.

ఊరివాళ్ళు కొన్నాళ్ళు గంజి తాగి, పాత కొలతతో కొత్త వలలు అల్లారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి అరచెయ్యంత చేపలు మళ్ళీ తట్టలోకొచ్చాయి. మసేనమ్మ మనవరాలు తట్ట ఎత్తుకుంది.

పెంటయ్య పక్కన మాత్రం ఎవరూ పడవ నిలపలేదు. చివరికి వాడూ పెద్ద కన్ను వల అల్లుకోవాలనుకున్నాడు. కొలుద్దామంటే ఇంట్లో ఉన్నది పుల్లముక్క! మసేనమ్మ గుమ్మంలో తల దించుకుని నిలబడి పలక అడిగాడు. ఆమె ఇచ్చింది. కానీ ఏడు తరాల వాడి తాతల కొలత పెంటయ్య ఇంటికి మళ్ళీ రాలేదు. వాడి మనవలు కూడా అడిగి తెచ్చుకున్న ఎరువు పలకతోనే వల అల్లారు.

పిల్లచేప ఏటికి, పెద్దచేప కూటికి,
కథేమో కంచికి, కునుకేమో కంటికి.