రాజుగారి చేపల తొట్టి తేరిన కథ

అనగనగా అని మొదలుపెడుతున్నాను, ఊకొట్టాలి మరి! ఏడు వాగులు దాటితే మణిగిరి అనే రాజ్యం. దానికి ధవళకేతుడు రాజు. ఆయన కోటలో నీళ్ళు మోసే మనిషి నాంచారి.

ఒకనాడు ఓడ వర్తకుడొకడు రాజుగారికి మూడు బంగారు చేపలు కానుకగా ఇచ్చాడు. వాటికోసం కొత్తగా గాజు తొట్టి చేయించారు. మూడు రోజులు తిరక్కుండానే అందులో నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబారాయి.

"మూడు రోజుల్లో నీళ్ళు తేరాలి. ఒక్క చేప చచ్చినా నీకు కోటలో చోటు లేదు," అని నాంచారితో అన్నాడు రాజు.

మొదటిరోజు నీళ్ళన్నీ పారబోసి, ఇత్తడి బిందెను తోమినట్టు తొట్టిని చింతపండుతో తళతళలాడేలా తోమింది. సాయంత్రానికి మళ్ళీ తెలుపే! రెండోరోజు దివాను మాట విని చిల్లగింజ అరగదీసి కలిపింది. బురదనీళ్ళను తేర్చే ఆ గింజకు ఈ తెలుపు లొంగలేదు. మూడోరోజు మళ్ళీ పారబోసింది, మళ్ళీ తోమింది. నీళ్ళు ఇంకా చిక్కబడ్డాయి. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి.

ఆమె తోటలోని తామర కొలను వైపు చూసింది. దాన్ని ఎవరూ తోమరు, అందులో ఎవరూ మేత వేయరు. అయినా నీళ్ళు తేటగా ఉన్నాయి.

అంతలో రాజు వచ్చి తొట్టిలో దోసెడు మరమరాలు చల్లాడు. ఆయన వెనక రాణి, ఆ వెనక దివాను. చేపలకు మేత వేస్తే పుణ్యమని రోజూ కోటంతా వరస కట్టేది.

నాంచారికి సంగతి తెలిసిపోయింది. రాజు ఎదటికి వచ్చి చెప్పింది.

"ఏలినవారు మన్నించాలి. రోజూ తోమి తొట్టిని కుదుటపడనివ్వలేదు, అది నా తప్పు. తినలేనంత మేత వేసి నీళ్ళు కుళ్ళబెట్టింది మాత్రం తమరి చెయ్యి."

"ఎంత పొగరు!" అని దివాను అరిచాడు. రాజు కళ్ళెర్రజేశాడు. తర్వాత చేపల వంక చూశాడు.

"సరే, ఏం కావాలి నీకు?"

"ఏడు రోజుల గడువు, మహారాజా. మేత నేను వేసే చిటికెడే."

నాంచారి కుళ్ళిన మరమరాలు ఏరేసింది. కొలను గుణం తొట్టికీ అబ్బుతుందని దాని అడుగునుంచి గుప్పెడు గులకరాళ్ళు తోమకుండా తెచ్చి వేసింది. రోజూ ఒక్క బిందెడు నీళ్ళు తీసి, ఒక్క బిందెడు పోసింది. నాలుగోరోజు నీళ్ళు మరీ తెల్లబడ్డాయి.

"మూట సర్దుకున్నావా?" అని దివాను ఎత్తిపొడిచాడు. తొట్టి తోమేద్దామని ఆమెకు చెయ్యి లాగింది. అయినా ఆగింది.

ఏడోరోజు పొద్దున్న చూస్తే అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. మూడు చేపలూ హాయిగా తిరుగుతున్నాయి. నాంచారి చెంగుతో కళ్ళొత్తుకుంది.

రాజు వచ్చాడు. పిడికిట్లో మరమరాలు! చెయ్యి తొట్టి దాకా వెళ్ళి ఆగింది. ఆయన నాంచారి వంక చూసి నవ్వి, ఆ మరమరాలు తన నోట్లోనే వేసుకున్నాడు.

"ఈ చేపల విషయంలో ఇకమీదట నాకైనా నీ మాటే మాట," అన్నాడు.

కాబట్టి పిల్లలూ, కంగారుపడి ఎంత తోమినా తేరని నీళ్ళు, తప్పు ఒప్పుకుని ఓపిక పట్టినప్పుడు తేరాయి.