గరిట చేసిన ప్రవచనం

తిర్సా గొర్రెమాంసం వండితే ఆ వాసనకు పొరుగు రాజ్యపు ఒంటెలు కూడా కట్లు తెంపుకుని వచ్చేసేవి. అంతటి చెయ్యి! ఎడారి అంచున ఉన్న ఆ కోటలో ప్రవక్తలందరికీ వండిపెట్టేది ఆవిడే.

వాళ్లు రోజూ కడుపారా తిని, "యుద్ధానికి కదలండి ప్రభూ, జయం మీదేనని దేవుడు సెలవిచ్చాడు" అనేవారు. వద్దన్నవాడు ఒక్క ముసలి ప్రవక్త ఓబేదు. రాజు అతణ్ణి చెరసాలలో తోయించాడు. తెల్లారితే దండు కదులుతుంది. మొదటి వరుసలో తిర్సా కొడుకున్నాడు.

ఆ పూట తిర్సా వండిందిగానీ వడ్డించలేదు. ప్రవక్తలు ఆకలితో నకనకలాడుతూ సభకెళ్లి, "నాశనం! దేవుడు కోపంగా ఉన్నాడు!" అని కోటగోడలు బీటలు వారేలా అరిచారు. రాజు గుండె జారిపోయింది.

అప్పుడు తిర్సా గుండిగతో సభలోకొచ్చి అందరికీ వడ్డించింది. మూతులైనా తుడుచుకోకుండా "జయం ప్రభూ, జయం!" అన్నారు వాళ్లు.

రాజు తెల్లబోయాడు. "ఇంతలోనే దేవుడు మనసు మార్చుకున్నాడా?"

"దేవుడు కాదు ఏలికా, నా గరిట మార్చింది" అంది తిర్సా.

పెద్ద ప్రవక్త ఎగిరిపడ్డాడు. "వంటదానివి, దైవం మాట నీకేం తెలుసు? ఈ మాంసం పెడితే ఆ ఓబేదూ మా మాటే అంటాడు!"

"పెట్టానయ్యా. ఎండురొట్టె పంపినన్నాళ్లూ యుద్ధం వద్దన్నాడు. నిన్న మాంసం పంపితే శుభ్రంగా తిని, బాగుందమ్మా అని, మళ్లీ వద్దనే అన్నాడు."

రాజు దండును ఆపించాడు. తరవాత చెరసాల తాళాలు తెమ్మన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చిన కొడుక్కి తిర్సా మిగిలిన మాంసం వడ్డించింది. వాడు ఏ ప్రవచనమూ చెప్పలేదు. ఇంకాస్త వెయ్యమన్నాడు.