ఓర్వలేనమ్మ రాయి

జిల్లేళ్ళపాడులో బస్సు దిగి, తంగెడవాగు గట్టు వెంట ఎడమ చేతి వైపు నడిస్తే నాపరాతి మిట్ట మీద మా మందిరం కనిపిస్తుంది. బోర్డు మీద ‘ఓర్పు మందిరం’ అని రాసి ఉంటుంది. ఆ పేరు చెప్పి దారి అడిగితే ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. ‘ఓర్వలేనమ్మ గుడి ఎక్కడ’ అని అడగండి, మేకలు కాసే ముసలాయన కూడా చేయి చాపి చూపిస్తాడు.

వాగు అవతలి ఒడ్డున కనబడే పెద్ద కట్టడం మాది కాదు. ఎత్తయిన సిలువ, రంగు దీపాలు, మైకులు చూసి చాలామంది యాత్రికులు అటే పోతారు. పోనివ్వండి. వాళ్ళకు పాలరాతి గచ్చు ఉంది, కార్లు నిలపడానికి స్థలం ఉంది, చెప్పుకోవడానికి కథ మాత్రం లేదు. అందుకని ఈ మధ్య మా కథనే కాస్త అటూ ఇటూ మార్చి, ఆ సంగతి తమ ఒడ్డున జరిగిందని చెబుతున్నారట. ఇదేమిటని అడిగితే మాకు కడుపుమంట అంటున్నారు. కడుపుమంటే, కాదని ఎవరన్నారు? ఈ చిన్న పుస్తకం అచ్చు వేయించడానికి కారణం కూడా అదే.

మందిరం లోపల, ప్రభు భోజనపు బల్ల పక్కన గోడకు ఆనించి ఒక నాపరాయి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు దానికి దండం పెట్టబోతారు. పెట్టకండి. మేం రాయికి మొక్కం, రాయిని మోస్తాం. ఎందుకు మోస్తామో ఈ కింద వివరిస్తున్నాం.

పూర్వం ఇక్కడ మందిరం లేదు, నీడ లేదు. ఉత్త బండ. దాని దిగువన, ఊరికి దూరంగా మా పల్లె ఉండేది. పల్లెవాళ్ళు ఊరి పొలాల్లో పనిచేసేవాళ్ళు, ఊరి జాతరకు డప్పు కొట్టేవాళ్ళు. ఊరి బావిలో చేద వేయడానికి మాత్రం వాళ్ళకు హక్కు లేదు, ఎవరైనా దయతలచి తోడి పోస్తే పట్టుకోవాలి. అలాంటి రోజుల్లో ఒక బైబిలు స్త్రీ, అంటే ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఆవిడ, వాగు దాటి వచ్చి ఒక గుమ్మం ముందు కూర్చుని దాహం అడిగింది. ఆ గుమ్మం నిరీక్షణమ్మది. ఆ పేరు ఆమెకు బాప్తిస్మంతో వచ్చింది. పల్లెలో మొదటి బాప్తిస్మం ఆమెదే. ప్రార్థనకు తాటాకు పాక వేయించింది ఆమె, ప్రతి శనివారం దాన్ని పేడతో అలికింది ఆమె, చాపలు పరిచింది ఆమె. ఈ సంగతులు ఎవరైనా మరిచిపోతారేమోనని ఆమె బతికినంత కాలం గుర్తుచేస్తూనే ఉండేది.

అక్షరం రాని ఆ రోజుల్లో పాట ఎత్తే మనిషే సంఘానికి ఆధారం. ఒకరు మొదటి పాదం ఎత్తాలి, మిగతావాళ్ళు ఆ వెంట పాడాలి. ఎత్తే మనిషి లేకపోతే ఆరాధన లేదు. మొదట్లో పాట ఎత్తేది నిరీక్షణమ్మే. ఆమెది బొంగురు గొంతు. రాగం ఒకచోట బయలుదేరి ఇంకెక్కడికో పోయేది. జనం ఓర్చుకున్నారు.

ఆ తర్వాత ఆమె మరిది పెళ్ళి చేసుకుని సువార్తమ్మను తెచ్చాడు. కొత్త కోడలు వచ్చిన మొదటి ఆదివారం నిరీక్షణమ్మకు పాట మధ్యలో దగ్గు తెర అడ్డుపడింది. వెనక చాప మీద కూర్చున్న సువార్తమ్మ పాట ఆగిపోకుండా అందుకుంది. దారిన పోయే ఊరివాళ్ళు కూడా నిలబడి విన్నారు. ప్రార్థన ముగిశాక బైబిలు స్త్రీ ఆ పిల్ల తల మీద చేయి పెట్టి, “ఇకనుంచి నువ్వే ఎత్తు తల్లీ” అంది.

నిరీక్షణమ్మకు కన్నుకుట్టింది. ఆమె ఆ మంటను దాచుకునే మనిషి కాదు. సువార్తమ్మ పాడుతుంటే కావాలని గట్టిగా దగ్గేది. అందరికంటే ముందుగా చరణం అందుకుని రాగం చెడగొట్టేది. సువార్తమ్మ ఊరుకునేది కాదు, కూర్చున్నచోటి నుంచే, “అట్టా కాదక్కా, కిందికి రావాల” అని అందరిలో దిద్దేది. తప్పు రాగాన్ని ఆ పిల్ల చెవి భరించలేకపోయేది. దిద్దినప్పుడల్లా నిరీక్షణమ్మ మూతి ముడుచుకుని చాప చుట్టేసి పోయేది. పల్లెవాళ్ళు నవ్వుకుని ఆమెకు ‘ఓర్వలేనమ్మ’ అని పేరు పెట్టారు. మన భాషలో ఓర్చుకోవడమంటే భరించడం, ఓర్వలేకపోవడమంటే అసూయ. తోడికోడలి మంచిని భరించలేని మనిషి కాబట్టి ఆ పేరు ఆమెకు సరిగ్గా అతికింది, అసలు పేరు మరుగున పడింది.

ఒక ఏడు వానలు పడలేదు. జాతర దగ్గరపడింది. పల్లెవాళ్ళు ఇక తాము డప్పు కొట్టమని, తమ దేవుడు వేరని చెప్పారు. ఊరి పెద్ద కొండలరాయుడు చెడ్డవాడని మా పెద్దలు ఎప్పుడూ చెప్పలేదు. అతని చేలు ఎండిపోతున్నాయి, అతని తల్లి అమ్మవారికి మొక్కుకుని ఉంది, డప్పు లేని జాతర వల్లే కరువు ముదిరిందని ఊరంతా అతన్ని నిలదీస్తోంది. అతను పల్లెను వెలివేశాడు. పనులు ఆగిపోయాయి. కోమటి కొట్లో ఉప్పు పుట్టలేదు. బావి దగ్గర నీళ్ళు తోడి పోసేవాళ్ళు మొహం తిప్పుకున్నారు. ఆడవాళ్ళు వాగు పైకంటా నడిచి చెలమలు తవ్వి నీళ్ళు తెచ్చుకున్నారు. ఇన్ని జరిగినా ఆదివారం పాకలో పాట ఆగలేదు. ఊరివాళ్ళకు ఆ పాటే ఎక్కువ కోపం తెప్పించింది.

శ్రమదినాల, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల, చివరి శనివారం కొండలరాయుడు మనుషులతో పాక దగ్గరికి వచ్చాడు. మగవాళ్ళు పొరుగూళ్ళకు కూలికి పోయారు, సువార్తమ్మ నీళ్ళకు పోయింది. నిరీక్షణమ్మ ఒక్కతే పాక అలుకుతోంది.

“ఇక్కడ పాట ఎత్తేది ఎవరు?” అని రాయుడు అడిగాడు.

సువార్తమ్మ పేరు చెబితే ఆమెకు ఏ బాధా లేదు. ఇన్నాళ్ళ కక్ష తీరుతుంది, పాట మళ్ళీ తన చేతికి వస్తుంది. నిరీక్షణమ్మ పేడ చేతులతోనే లేచి నిలబడి, “నేనే” అంది.

ఎందుకు అంది? ప్రసంగాలు చెప్పేవాళ్ళు అది ప్రేమ అంటారు. పల్లె ముసలమ్మలు ఒప్పుకోరు. పాట ఎత్తేది సువార్తమ్మ అనే మాట పలకడానికి ఆమె నోరు రాలేదని, ఊరి పెద్ద అంతటివాడు వెతుక్కుంటూ వస్తే ఆ పేరు కూడా తోడికోడలికే పోవడం ఆమె ఓర్వలేకపోయిందని అంటారు. ఈ విషయంలో మేం ముసలమ్మల పక్షం.

అప్పట్లో శిక్ష ఏమిటంటే, ఎండలో బండ మీద నిలబెట్టి నెత్తిన రాయి పెట్టేవారు. ఈ బండ మీదే నిలబెట్టారు, ఇప్పుడు లోపల ఉన్న ఆ నాపరాయే పెట్టారు. “ఓర్వలేను, ఇక పాట ఎత్తం అని ఒక్క మాట అను, దించేస్తాం” అన్నాడు రాయుడు. పల్లె ఆడవాళ్ళంతా చుట్టూ చేరి వింటున్నారు. ఆ మాట ఆమె నోట వస్తే మర్నాటి నుంచి పల్లెలో పాట లేదు, సంఘం లేదు. రాకపోతే ఆమె ప్రాణానికి పూచీ లేదు.

“ఓర్వలేనని ఊరూ పల్లే నా గురించి అంటానే ఉన్నారుగా దొరా. మళ్ళా నేను కూడా అనాల్నా?” అంది నిరీక్షణమ్మ.

కాళ్ళు కాలుతున్నాయి, మెడ నరాలు తేలాయి. అంతలో సువార్తమ్మ నీళ్ళ బిందెతో వాగు మలుపు తిరిగి వచ్చింది. సంగతి విని, బిందె దించి, బండ ఎక్కింది.

“అయ్యా, పాట ఎత్తేది నేను. ఆమెకు రాగమే తెలవదు” అని రాయుడితో చెప్పి, “అక్కా, ఆ రాయి నాది, నాకియ్యి” అని చేతులు చాపింది.

రాయి మోస్తున్నందుకు కాదు గాని, రాగం తెలియదని అందరి ముందు అన్నందుకు నిరీక్షణమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “ఇయ్యను” అంది. “పాట తీసుకున్నావు. పల్లెలో మంచి పేరంతా తీసుకున్నావు. ఆఖరికి రాయి కూడా నీకేనంటే? ఇది నాకు పెట్టారు, ఇది నాది.”

సువార్తమ్మ రాయికి ఒక అంచు పట్టుకుంది. నిరీక్షణమ్మ రెండో అంచు వదల్లేదు. అవతల జరుగు అని ఒకరు, ముందు నువ్వు దిగు అని ఒకరు, పాత తగువులన్నీ తవ్వుకుంటూ తోడికోడళ్ళిద్దరూ ఆ ఎండలో పోట్లాటకు దిగారు. పాట మానేస్తారా అని రాయుడు అడుగుతూనే ఉన్నాడు. వాళ్ళు వినిపించుకోలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో ఒకామె, “మీ ఇద్దరిదేనా సంఘం, మేం లేమా” అంటూ బండ ఎక్కింది. ఆమె వెనక ఇంకొకామె. కాసేపటికి బండ నిండిపోయింది, ఆ రాయి కింద ఎన్ని చేతులు ఉన్నాయో కూడా తెలియలేదు.

కొండలరాయుడు చాలాసేపు నిలబడి చూశాడు. భయపెట్టడానికి తెచ్చిన రాయి కోసం వీళ్ళు కొట్టుకుంటున్నారు. ఇక అతని దగ్గర భయపెట్టేది ఏముంది? మనుషులను తీసుకుని వెళ్ళిపోయాడు. వెలి ఆ తర్వాత కూడా చాలా కాలం ఉంది. పాట జోలికి మాత్రం మళ్ళీ ఎవరూ రాలేదు.

నిరీక్షణమ్మ మెడ ఆ రోజుతో ఒక పక్కకు వాలిపోయింది, మళ్ళీ నిలవలేదు. పోనీ మనసైనా మారిందా అంటే అదీ లేదు. మర్నాడు సువార్తమ్మ పాట ఎత్తగానే ఎప్పటిలాగే దగ్గింది. సువార్తమ్మ ఎప్పటిలాగే దిద్దింది. ఇద్దరూ ముసలివాళ్ళయ్యేదాకా అలాగే గడిచింది.

ముందు సువార్తమ్మ పోయింది. సమాధి దగ్గర పాట ఎత్తేవాళ్ళు లేక జనమంతా తలలు వంచుకుని నిలబడ్డారు. అప్పుడు నిరీక్షణమ్మ, వాలిన మెడతో ముందుకు వచ్చి, అదే బొంగురు గొంతుతో, సువార్తమ్మ రోజూ ఎత్తే పాట ఎత్తింది. రాగం మొదటి పాదంలోనే దారి తప్పింది. జనం ఆమె ఎటు పోతే అటు పోయారు. చరణం అయ్యాక ఆమె ఆగి, కాసేపు ఎదురుచూసి, మట్టివైపు వంగి, “దిద్దవేమే” అంది. ఆ తర్వాత పాడలేకపోయింది.

నేటికీ శ్రమదినాల చివరి శనివారం ఇక్కడ రాయి మోస్తారు. ఎవరి మంచిని మీరు ఓర్వలేరో వాళ్ళను వెంట తీసుకురావాలి. ఒకరు రాయి ఎత్తుకుని మందిరం చుట్టూ నడుస్తారు, రెండోవారు వచ్చి ‘నాకియ్యి’ అంటారు, మొదటివారు ‘ఇయ్యను’ అనే తీరాలి, ఆ తర్వాతే ఇవ్వాలి. ఇలా చేస్తే అసూయ పోతుందని మేం చెప్పం, నిరీక్షణమ్మకే పోలేదు. మాటలు లేని అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఒకే ఆటోలో తిరిగి వెళ్ళడం మాత్రం ఏటా చూస్తున్నాం. వాళ్ళ మీద దేవుని కృప ఉంటుందని మా నమ్మకం.

మళ్ళీ గడ్డుకాలం వస్తోంది. ఇళ్ళల్లో ప్రార్థనలు ఆపించేస్తున్నారు. మొన్నటి ఏడు మా బోర్డుకు తారు పూశారు. ఇక్కడికి వచ్చేవాళ్ళు బస్సులో బైబిలును కూరగాయల సంచి అడుగున పెట్టుకుని వస్తున్నారు. అయినా ఆ శనివారం జనం తగ్గలేదు. రాయి మోయడం అయ్యాక అందరం సువార్తమ్మ సమాధి దగ్గర చేరి ఆ పాట పాడతాం. అవతలి ఒడ్డు మందిరంలో అదే పాటను మంచి వాద్యాలతో సరైన రాగంలో పాడతారు, మాకు రాగం రాదని నవ్వుతారు. యాత్రికులు గమనించగలరు: మా పాట నిరీక్షణమ్మ తప్పిన చోటల్లా తప్పుతుంది. సరైన రాగం తెలిసినవాళ్ళు దయచేసి దిద్దకుండా, మా వెంట తప్పుగా పాడవలసిందిగా సంఘం తరఫున మనవి.