పండితుడి భుజాల మీద గొంగడి

వికారి నామ సంవత్సరం, పుష్య మాసపు చలిలో కోట గుమ్మం దగ్గర ఒక యంత్రాన్ని నిలబెట్టారు. చెరసాలలో గీయించిన వెయ్యిమంది దొంగల బొమ్మలు చూసి నేర్చుకున్న ఆ యంత్రం, వచ్చేపోయేవాళ్లలో దొంగ కనబడితే గంట మోగించేది. గొర్రెల కాపరి అయిలయ్యను చూసి మోగించింది. మర్నాడే ఉరి అన్నారు.

అతని అక్క బీరవ్వ కావలివాళ్లను బతిమాలి ఆ బొమ్మలన్నీ చూసింది. తర్వాత కోట గుమ్మం దగ్గర, రాజు ఎదుటే, యంత్రం చేసిన పండితుణ్ణి అడిగింది.

"మీ యంత్రం ఎప్పుడూ పొరబడదా, అయ్యా?"

"ఎన్నడూ పొరబడదు."

"చలికి వణుకుతున్నారు. ఇది కప్పుకుని ఒక్కసారి దాని ముందు నడవండి."

తన గొంగడి తీసి ఆయన భుజాల మీద వేసింది. పండితుడు నడిచాడు. గంట మోగింది.

"చెరసాలలో అందరికీ గొంగడే ఇస్తారు, దొరా. ప్రతి బొమ్మలోనూ అదే ఉంది, మా కాపరుల ఒంటిమీదా అదే. యంత్రం గొంగడిని చూసి మోగుతోంది. కాదంటారా, ఈయనను కూడా ఉరితీయండి."

రాజు అయిలయ్యను వదిలేశాడు. అప్పటికే పదకొండుమంది కాపరులను ఉరితీశారు.