తెరిపమ్మ చెప్పులు

సెలయకు పెద్ద చిక్కే వచ్చిపడింది. ప్రాణాలకు తెగించి తాను విడిపించి తెచ్చిన మనిషి, తిరిగి వెళ్ళిపోతానంటున్నాడు.

ఎక్కడికి? ఏ దొర ఉప్పుమళ్ళలో ముప్పై ఏళ్ళు కాలికి కడియంతో చాకిరీ చేశాడో, అక్కడికే.

ఆ దేశంలో బానిసలకు సంకెళ్ళు వెయ్యరు. చీలమండకు ఒక ఇత్తడి కడియం తొడుగుతారు, అంతే. దొర పొలిమేర దాటి ఒక్క అడుగు వేస్తే చాలు, అది దానంతటదే మోగడం మొదలుపెడుతుంది. కాపలావాళ్ళు నిద్ర లేచి, మొహం కడుక్కుని, నింపాదిగా వచ్చి పట్టుకుపోతారు. మోత వినపడుతుంటే వెతకాల్సిన పనేముంది?

తెరిపమ్మ కూడా ఒకప్పుడు అలాంటి కడియం మోసిన మనిషే. నలభై ఏళ్ళ కిందట, ఎవరో కమ్మరి పారేసిన అరిగిపోయిన ఆకురాయితో మూడు వారాలు రుద్ది రుద్ది కడియం తెంపుకుంది. ఉప్పుబయలు దాటి ఈ సున్నపుగుట్ట ఎక్కింది. ఆమె వెనకాల ఇంకొందరు వచ్చారు. ఆమె దగ్గర కూర్చుంటే ముసురు పట్టిన వాన తెరిపిచ్చినట్టు ఉంటుందని వాళ్ళే ఆ పేరు పెట్టారు. అసలు పేరు ఏమిటో ఆమెకే గుర్తు లేదు.

ఆ గుట్ట మీది ఇళ్ళకు తలుపులు లేవు. మేకలకు పలుపుతాళ్ళు లేవు. దేన్నీ కట్టెయ్యకూడదన్నది వాళ్ళ మతం. అందుకే ఇన్నేళ్ళలో ఆ గుట్ట మీద ఒక్క తోటకూర మొక్క కూడా బతికి బట్టకట్టలేదు. అయినా మేకను కట్టేద్దామన్నవాళ్ళు లేరు.

శిష్యులందరి మొలలోనూ ఒక ఆకురాయి ఉంటుంది. కొత్తవాళ్ళకు మాత్రం అది ఊరికే రాదు. ఒక మనిషి కడియం కోసి గుట్టకు తీసుకురావాలి. ఆ మనిషి వచ్చే పున్నమి దాకా గుట్ట మీదే ఉండాలి. అప్పుడు అందరి ముందూ ఆకురాయి ఇస్తారు. ఆ పున్నమి తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. ఈ నియమం తెరిపమ్మ పెట్టింది కాదు, పెద్ద శిష్యులు పెట్టుకున్నది. ఏదో ఒక నియమం లేకపోతే వాళ్ళకు పొద్దుపోదు.

ఆ ఆకురాయి కోసం సెలయ ఆరేళ్ళుగా ఎదురుచూస్తోంది. పున్నమి ఇంకా నాలుగు రోజులుంది.

"ఈ నాలుగు రోజులూ ఉండు పెద్దయ్యా," అని బతిమాలింది.

"ఉండలేను తల్లీ," అన్నాడు కొమిరి. ఆయన పేరు అది. ఎండకు నల్లబడి, ఉప్పుకు పగిలి, మాట మాత్రం మెత్తగా ఉన్న మనిషి. "మా యింటిదానికి నడుం పడిపోయి రెండేళ్ళయింది. నువ్వొచ్చి పిలిచినప్పుడు నేను రానన్నాను. అదే నన్ను తరిమింది. నువ్వన్నా పోయి బయటి గాలి పీల్చు, నా కళ్ళు చల్లబడతాయి అంది. పక్క గుడిసె ముసలమ్మ వారం పది రోజులు గంజి పోస్తానంది. ఆ గడువు అయిపోవస్తోంది."

"వెళితే మళ్ళీ కడియం వేస్తారు."

"వేస్తారు."

"కొడతారు కూడా."

"కొడతారు," అని ఒప్పుకున్నాడు కొమిరి. "ఇక్కడ చెవుల్లో ఆ మోత భయం లేదు తల్లీ. హాయిగా ఉంది. కానీ దాని దగ్గు కూడా వినపడటం లేదు. నిద్ర పట్టట్లేదు."

సెలయకు కళ్ళు చెమర్చాయి. అయినా మనసు ఒప్పుకోలేదు. ఈ మనిషి కోసం తాను రెండు రాత్రులు ఉప్పుకుప్పల వెనక దాక్కుంది. అరువు తెచ్చుకున్న ఆకురాయితో అతని కడియం కోస్తుంటే వేళ్ళు బొబ్బలెక్కాయి. ఇప్పుడతను తనంతట తానే వెళ్ళి ఆ కాలు మళ్ళీ చాపుతాడా?

మర్నాడు తెల్లవారుతూనే కొమిరి ప్రయాణమయ్యాడు. చూస్తే చెప్పులు లేవు.

పొద్దెక్కితే ఉప్పుబయలు పెనంలా కాలుతుంది. దళసరి తోలు చెప్పులు లేకుండా అందులో అడుగుపెడితే ఒక్క పూటలో అరికాళ్ళు ఊడివస్తాయి. మూడు రోజుల నడక మాట దేవుడెరుగు. ఆ సంగతి కొమిరికి తెలుసు. సెలయకూ తెలుసు. తలుపులే లేని ఇంట్లో మనిషిని బంధించడం ఎలాగో, ఆ గుట్ట మీద మొదట కనిపెట్టింది సెలయే.

కొమిరి అరుగు కింద చూశాడు. పొయ్యి దగ్గర చూశాడు. మేకల పాక అంతా వంగి వంగి వెతికాడు. సెలయ కూడా అతని వెంట తిరుగుతూ వెతుకుతున్నట్టు నటించింది.

"ఏం పోయిందయ్యా?" అంటూ తెరిపమ్మ బయటికి వచ్చింది.

"చెప్పులు, అమ్మగారూ. రాత్రి ఇక్కడే విడిచాను."

"మేక నోట కరుచుకుపోయి ఉంటుంది," అంది సెలయ, నేల చూపులు చూస్తూ.

తెరిపమ్మ మేకల పాక వైపు ఓసారి చూసింది. "మా మేకలు బట్టలు తిన్నాయి. చీపుర్లు తిన్నాయి. ఒకసారి నేను నిద్రపోతుంటే నా జుట్టు తిన్నాయి. చెప్పులు మాత్రం ఇంతవరకూ తినలేదే," అంది. సెలయ వైపు మాత్రం చూడలేదు. అది ఆమె మంచితనం.

తర్వాత ఆమె మెల్లగా నేల మీద కూర్చుంది. తన కాళ్ళ చెప్పులు విప్పింది. "కాలు ఇలా పెట్టు," అంది కొమిరితో.

కొమిరి నాలుగడుగులు వెనక్కి వేశాడు. "అయ్యో, వద్దమ్మగారూ! మీ చెప్పులు నా కాళ్ళకా? పాపం చుట్టుకుంటుంది!"

"చుట్టుకునేది చెప్పు పట్టీ ఒక్కటే. రా."

దగ్గరికి వచ్చిన అతని కాలు పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. కడియం ఉండిన చోట పుండు ఇంకా పచ్చిగానే ఉంది. పట్టీ సరిగ్గా దాని మీదికే వస్తోంది. తెరిపమ్మ తన పైట కొంగు చింపి, మడత పెట్టి, పట్టీ కింద మెత్తగా సర్దింది.

"ఇక్కడ ఒరుస్తుంది," అంది. "నాకూ ఒరిసేది."

కొమిరి మొహం అటు తిప్పుకున్నాడు. అంత వయసు మనిషి, భుజాలు అదురుతుంటే ఆపుకోలేకపోయాడు.

సెలయ ఇక ఉండబట్టలేకపోయింది. "అమ్మా! అతను మళ్ళీ బానిస అయిపోతాడమ్మా! నేను విడిపించిన మనిషి!"

తెరిపమ్మ రెండో కాలికి పట్టీ బిగిస్తూ తలెత్తకుండానే అడిగింది: "నువ్వు ఉండమన్న చోటే ఉండాలంటే, విడిపించావా పిల్లా? కొనుక్కున్నావా?"



తెరిపమ్మ అతనికి నాలుగు జొన్నరొట్టెలు, ఒక తోలుతిత్తి నీళ్ళు ఇచ్చింది. "నామీద కోపం లేదా అమ్మగారూ?" అని అడిగాడు కొమిరి.

"దిగులుగా ఉంది. కోపం లేదు," అంది తెరిపమ్మ.

కొమిరి చేతులెత్తి దణ్ణం పెట్టి గుట్ట దిగిపోయాడు. తెరిపమ్మ ఉత్త కాళ్ళతో గులకరాళ్ళ మీద గెంతుకుంటూ, తన అవస్థకు తానే నవ్వుకుంటూ అరుగు చేరింది.

సెలయ లోపలికి వెళ్ళి జొన్నల గంపలో చెయ్యిపెట్టి చెప్పులు బయటికి తీసింది. తెచ్చి తెరిపమ్మ ముందు పెట్టింది. అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"జొన్నల్లోనా?" అంది తెరిపమ్మ, ఆమె తల నిమురుతూ. "కట్టెల వెనక అనుకున్నాను." ఆ చెప్పులు దులిపి తాను తొడుక్కుంది. "కాస్త వదులే. పనికొస్తాయి."

"వెనక్కి పిలవనా అమ్మా?"

"నీ ఇష్టం."

"పిలిస్తే వస్తాడా?"

"అతని ఇష్టం."

సెలయ కళ్ళు తుడుచుకుంది. కింద తెల్లటి బయలులో కొమిరి అప్పుడే చీమంత అయిపోయాడు. ఆమె చాలాసేపు అటే చూస్తూ కూర్చుంది. ఆ మనిషి ఎన్నిసార్లు చెప్పాడు! నడుం పడిపోయిందన్నాడు, గంజి అన్నాడు, దగ్గు అన్నాడు. తాను విన్నది మాత్రం పున్నమికి ఉండనన్న ముక్క ఒక్కటే. సిగ్గుతో ఆమె చెవులు కాలాయి.

లేచి పాకలోకి వెళ్ళింది. జబ్బు పడ్డవాళ్ళను గుట్ట మీదికి మోసుకురావడానికి అక్కడొక డోలీ ఉంటుంది. పొడుగాటి వెదురు, దళసరి గొంగడి. రెండూ భుజాన వేసుకుంది. కొమిరి కడియం కోసిన అరువు ఆకురాయి ఇంకా మొలలోనే ఉంది.

పెద్ద శిష్యుడు గురవ ఎదురొచ్చాడు. "ఎక్కడికి? పున్నమికి మీరిద్దరూ ఇక్కడ లేకపోతే ఆకురాయి మాట మరిచిపోవాల్సిందే. మళ్ళీ ఏడాదే."

"తెలుసన్నా."

"అక్కడ దొరికావంటే నీ కాలికే కడియం పడుతుంది."

"అదీ తెలుసు," అంది సెలయ. కాళ్ళు ఆగలేదు.

గురవ తెరిపమ్మ వైపు చూశాడు, ఆపమన్నట్టు. తెరిపమ్మ లేచి నిలబడి, సెలయ భుజం మీద జారుతున్న గొంగడిని సరిచేసింది. తెరిపమ్మ కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

ఉప్పు మీద పరుగెత్తడం తేలిక కాదు. సెలయ అతన్ని అందుకునేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

వెనక అడుగుల చప్పుడు విని కొమిరి ఆగాడు. సెలయను చూసి రొట్టెల మూట గుండెకు హత్తుకున్నాడు. ఆమె నోరు తెరవకముందే అన్నాడు: "నేను వెనక్కి రాను తల్లీ. ఏమీ అనుకోకు."

సెలయ ఆయాసంతో ఒంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీల్చుకుంది. తర్వాత తలెత్తింది.

"పెద్దయ్యా, మీ ఆవిడ ఎంత బరువుంటుంది?"

కొమిరికి అర్థం కాలేదు. ఆమె మొహం వైపు చూశాడు. వెదురు వైపు చూశాడు. గొంగడి వైపు చూశాడు.

"గంపెడు ఉప్పంత కూడా ఉండదు తల్లీ," అన్నాడు.

చెయ్యి చాచి వెదురు ముందు కొన అందుకుని, తన భుజం మీద పెట్టుకున్నాడు.