గరగర లేని గిటారు

"తెలివి పంచడానికి బయల్దేరిన దేవుడు ముందు మా ఇంటికే వచ్చాడు" అని యాకోబు ఊరంతా చెప్పుకునేవాడు. వచ్చి, తలుపు కొట్టి, ఎవరూ తీయక వెళ్ళిపోయుంటాడని వీధిలోవాళ్ళు అనుకునేవారు. భార్య మార్తమ్మ, కూతురు కీర్తన కూడా అదే బాపతు.

ఆదివారం చర్చిలో కోత పండగ. ఆ రోజు కీర్తన గిటారు మీద పాట వాయించాలి. తొలకరి నుంచీ వేళ్ళు కాయలు కాసేలా నేర్చుకుంది పాపం. తీరా పండగ దగ్గరపడేసరికి గిటారు గరగరమనడం మొదలెట్టింది. పిల్ల అన్నం మానేసి ఏడుస్తూ కూర్చుంది.

పాట నేర్పిన సామ్యేలు మాస్టారు గిటారు తిప్పి చూశాడు. "మెడ మీద ఈ అడ్డకమ్మీలు అరిగిపోయాయి. టౌన్లో బాగుచేసేవాళ్ళున్నారు గానీ, ఎవరికిపడితే వాళ్ళకివ్వకండి. వెంట్రుకవాసి తేడా రానివ్వనివాణ్ణి, తొందరపడనివాణ్ణి చూసుకోండి. తీగ కమ్మీలకి తగిలి గరగరమనకూడదు, అంతే" అన్నాడు.

అంతే, ముగ్గురూ బస్సెక్కేశారు.

మొదటి కొట్టువాడు పేరుమోసిన పనివాడు. కాకపోతే బట్టతల. "వెంట్రుకే లేనివాడు వెంట్రుకవాసి ఎలా కొలుస్తాడండీ?" అంది మార్తమ్మ. పెళ్ళాం తెలివికి మురిసిపోతూ యాకోబు గిటారు వెనక్కి తీసుకున్నాడు.

రెండోవాడికి జుట్టు ఒత్తుగానే ఉంది. కానీ వీళ్ళని చూడగానే గబుక్కున లేచి కుర్చీలు వేశాడు. "తొందరమనిషి నాన్నా" అంది కీర్తన. అక్కణ్ణుంచీ బయటపడ్డారు.

వీధి చివర అరుగు మీద ఒకడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. జుట్టు భుజాలదాకా ఉంది. పక్కన పెద్ద కత్తెర. ఇంకేముంది, ఇంత తొందరలేనివాడు జిల్లా మొత్తంలో దొరకడని అక్కడే చతికిలబడ్డారు. పొద్దువాలాక వాడు లేచి, తన పేరు గంగులన్నాడు.

"ఏం పని చేస్తావయ్యా?"

"గొర్రెలకి బొచ్చు కత్తిరిస్తానండి."

"పొద్దస్తమానం వెంట్రుకలతోనే పనంట" అని మార్తమ్మ మొగుడి మోచెయ్యి గిల్లింది.

"గిటారు నేనెప్పుడూ ముట్టుకోలేదండి" అన్నాడు గంగులు.

"కొత్త కాబట్టి మరీ నిదానంగా చేస్తావు. తీగ కమ్మీలకి తగలకూడదు, అంతే."

"అంతేనా?" అని గంగులు కత్తెర తీసి తీగలన్నీ కరకరా కత్తిరించేశాడు. "ఇప్పుడు తగలమనండి."

కీర్తన గిటారుని ఊపి చూసింది. గరగర లేదు. సంతోషంతో దానికి ముద్దు కూడా పెట్టింది.

ఆదివారం పిల్ల కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, కట్టె మీద వేళ్ళు ఆడించింది. చర్చి అంతా నిశ్శబ్దం. మాస్టారు చెవి ఒగ్గి ముందుకి వంగాడు.

"గరగర వినబడిందా మాస్టారూ?" అన్నాడు యాకోబు గర్వంగా.

"లేదయ్యా. పాట కూడా వినబడలేదు."

యాకోబు, మార్తమ్మ మొహమొహాలు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి జాలేసింది. అరిగిపోయింది మాస్టారి చెవులే.

"మీరు వెళ్ళిరండి, ఈలోపు రెండో చరణం వాయిస్తుంటాను" అంది కీర్తన.

చెరో రెక్కా పుచ్చుకుని మాస్టారిని బస్టాండువైపు నడిపించారు. "భయపడకండి మాస్టారూ" అన్నాడు యాకోబు. "గంగులు నిదానస్తుడు. కత్తెర కూడా పెద్దది."